ఇంట్లో కట్టిన కారుకు ఇనుప ముక్కే ఆయువుపట్టు

కీసర: పాత మారుతి ఇంజను ఒకటి సంపాదించి, ఇనుప పైపులతో ఛాసిస్ కట్టి, పైన రేకు బాడీ వేసుకుని సొంతంగా ఒక కారు తయారు చేసుకోవాలన్న సరదా కొందరికి ఉంటుంది. ఇంజను ఎక్కడ దొరికిందో, గేరుబాక్సు ఎలా కుదిరిందో, చక్రాలు ఏ బండివో గొప్పగా చెప్పుకుంటారు. ఆల్టర్నేటర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్టు గురించి మాత్రం ఎవరూ చెప్పుకోరు. తీరా బండి షెడ్డు దాటి నాలుగు రోజులు తిరిగాక మొరాయించేది చాలాసార్లు ఆ బ్రాకెట్టు దగ్గరే.

చూడబోతే అది అరచేతిలో పట్టే ఇనుప ముక్క. దాని మీద ఆధారపడింది మాత్రం బండి దీపం, ఇంజను చల్లదనం, కొన్ని బండ్లలో అయితే బ్రేకు కూడా.

కీసర నుంచి బయలుదేరి కుషాయిగూడ, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం మీదుగా ఉప్పల్ చేరేసరికి దారి పొడవునా పారిశ్రామికవాడలే. ప్లేటు కోయించాలన్నా, లేత్ మీద బుష్ తిప్పించాలన్నా, వెల్డింగు పెట్టించాలన్నా ఈ చుట్టుపక్కల ఊళ్లవారు దూరం పోనక్కర లేదు. బెల్టులు, బేరింగులు, బోల్టులు కావాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్ ఉండనే ఉంది. కాబట్టి ఇక్కడ పనివాళ్లకు, సామానుకు కొరత లేదు. ఏ ముక్క ఎందుకు అలా ఉండాలో తెలియకపోవడమే కొరత.

సొంత కార్లు కట్టడంలో హైదరాబాదుకు పేరు తెచ్చినవారు కె. సుధాకర్ యాదవ్. పాత సామానుతో వంకాయ, క్రికెట్ బంతి, కెమెరా, బూటు వంటి ఆకారాల్లో నడిచే కార్లు తయారు చేసి, బహదూర్‌పురాలో జంతు ప్రదర్శనశాల సమీపాన 2010లో సుధా కార్స్ మ్యూజియం తెరిచారు. అంతకుముందు 2005లో ఆయన తయారు చేసిన మూడు చక్రాల సైకిలు ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాని ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. పొరుగున మహారాష్ట్రలోని ఇచల్‌కరంజీకి చెందిన శంకరరావు కులకర్ణి 1949లోనే చిన్న కారు నమూనా ఒకటి తయారు చేసి, ఆ తర్వాత పాతికేళ్ల పాటు దాన్ని మెరుగుపరుస్తూ పోయారు. 'మీరా' అన్న ఆ కారు ఫ్యాక్టరీ దాకా వెళ్లలేదు. ఇంగ్లండులో అయితే 1957లో వచ్చిన లోటస్ సెవెన్ కారును విడి భాగాలుగా కూడా అమ్మేవారు. కొన్నవాళ్లు ఇంటి దగ్గర బిగించుకునేవారు. అలా కొంటే కొనుగోలు పన్ను తప్పేది మరి.

వంకాయ ఆకారమైనా, జీపు ఆకారమైనా బాడీ మారితే ఇంజను చోటు మారుతుంది. ఇంజను చోటు మారితే దాని పక్కన వేలాడే సామాను చోటు మారుతుంది. కొత్త కారే కట్టాలని లేదు. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర మండిపోవడంతో పెట్రోలు జీపుల్లో, అంబాసిడర్లలో డీజిలు ఇంజన్లు వేయించుకోవడం దేశమంతటా మామూలైపోయింది. ఆ రోజుల్లో మిస్త్రీలు ఎదుర్కొన్నదీ ఇదే చిక్కు. ఇంజను కూర్చునేది, కానీ డైనమో ఛాసిస్‌కు తగిలేది.

గిర్నీ వేరు, బండి వేరు

ఊళ్లో పిండి గిర్నీ చూడనివారు ఉండరు. ఆయిలింజను ఒక దిమ్మె మీద, గిర్నీ ఇంకో దిమ్మె మీద ఉంటాయి. మధ్యలో బెల్టు. రెండూ సిమెంటులో పాతుకుని ఉంటాయి గనుక వాటి మధ్య దూరం మారదు, బెల్టు జారదు. ఈ లెక్కనే బండికి వర్తింపజేసి కొందరు ఆల్టర్నేటర్‌ను ఛాసిస్ పైపుకు బిగిస్తారు. అక్కడ ఖాళీ ఉంటుంది, వెల్డింగు సులువు, చూడటానికీ గట్టిగా కనిపిస్తుంది.

అక్కడే పప్పులో కాలు వేసినట్టు. బండిలో ఇంజను దిమ్మె మీద కూర్చోదు, రబ్బరు మీద కూర్చుంటుంది. స్టార్టు చేసినప్పుడు ఒకసారి ఊగుతుంది. క్లచ్చి వదిలినప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. గుంతలో పడితే ఎగిరి పడుతుంది. ఇంజను పైభాగం అర అంగుళం దాకా కదలడం మామూలే. ఆల్టర్నేటర్ ఛాసిస్‌కు బిగించి ఉంటే ఇంజను ఇటు ఒరిగినప్పుడు బెల్టు వదులవుతుంది, అటు ఒరిగినప్పుడు తెగేలా బిగుసుకుంటుంది. వదులైనప్పుడు జారి కీచుమంటుంది, బిగిసినప్పుడు ఆల్టర్నేటర్ బేరింగును, వాటర్ పంపు బేరింగును లాగేస్తుంది. బెల్టు నాసిరకమని తిట్టుకుంటూ నెలకొకటి మార్చేవారిలో కొందరి బండ్ల కథ ఇదే.

కాబట్టి ఇంజను బెల్టుతో తిరిగే ప్రతి వస్తువూ ఇంజనుకే బిగించి ఉండాలి. ఆల్టర్నేటర్, వాటర్ పంపు, పవర్ స్టీరింగు పంపు, ఏసీ కంప్రెసరు ఏదైనా సరే. ఇంజను ఊగితే అవీ దానితో పాటే ఊగాలి. తల్లి చంకలో బిడ్డ ఉన్నట్టు ఉండాలన్నమాట.

బ్రాకెట్టు బిగించడానికి ఇంజను దిమ్మలో మరలు కోసిన రంధ్రాలు ముందే ఉంటాయి. ఒక్కో ఇంజనును పలు రకాల బండ్లకు వాడతారు గనుక ఖాళీగా మిగిలిన రంధ్రాలు కూడా తరచు కనిపిస్తాయి. మసి, గ్రీజు గీకి చూస్తే దొరుకుతాయి. వాటినే వాడుకోవాలి. పోత ఇనుము దిమ్మకు నేరుగా వెల్డింగు పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వేడికి పక్కన పగులు వస్తే ఇంజను దిమ్మే పోతుంది. బోల్టు మరలు లోపలికి దిగే లోతు బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. అంటే 10 మిల్లీమీటర్ల బోల్టు 15 మిల్లీమీటర్లు దిగాలి. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉన్నవి తీసుకోవడం మేలు. గేటు తలుపులకు వాడే మెత్తని బోల్టులు ఇక్కడ పనికిరావు.

ఉలిపికట్టె దారి పట్టకుండా

ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, క్రాంకు పుల్లీ, వాటర్ పంపు పుల్లీ ఒక వరుసలో ఉండి ఆల్టర్నేటర్ పుల్లీ పక్కకు జరిగి ఉంటే బెల్టు బతకదు. ఒక అంచు అరిగిపోతుంది, కొన్నాళ్లకు గాడిలో తిరగబడుతుంది, చివరికి ఎగిరిపోతుంది. పాత తరహా వీ బెల్టుకు అడుగు దూరానికి రెండు మిల్లీమీటర్ల తేడా మించకూడదు. ఇప్పటి బండ్లలో వచ్చే సన్నని చారల బెల్టు అంత కూడా ఓర్చుకోదు.

వరుస చూడటానికి పెద్ద యంత్రాలేమీ అక్కర లేదు. తిన్నని ఇనుప స్కేలును క్రాంకు పుల్లీ ముఖానికి ఆనించి ఆల్టర్నేటర్ పుల్లీ దాకా పట్టి చూడాలి. పుల్లీల అంచు మందాలు వేరైతే ఆ తేడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే కలవాల్సింది అంచులు కాదు, గాడి నడుములు. స్కేలు అందకపోతే బిగించి లాగిన దారం చాలు.

ఆరు మిల్లీమీటర్ల తేడా వచ్చిందనుకుందాం. చేతికందిన వాషర్లు నాలుగు కూర్చి సరిపెట్టడం అందరూ చేసేదే. వాషర్ల దొంతర బిగువు కింద అణుగుతుంది, ఒక్కో వాషరు ఒక్కో పక్కకు జరుగుతుంది, బోల్టు వదులవుతుంది. అదే మందం గల ఒకే బుష్‌ను లేత్ మీద తిప్పించి వేస్తే ఆ బెడద ఉండదు. పుల్లీనే ముందుకు జరపాలని దాని వెనక బుష్ వేస్తే నట్టుకు షాఫ్టు మరలు పూర్తిగా మిగిలాయో లేదో చూడాలి. సగం మరల మీద నిలిచిన నట్టు ఎప్పుడో ఒకప్పుడు పుల్లీతో సహా ఊడి వస్తుంది.

ఆల్టర్నేటర్ చెవులు అల్యూమినియంతో చేసినవని మరవకూడదు. బ్రాకెట్టుకు, చెవికి మధ్య రెండు మిల్లీమీటర్ల సందు ఉండగానే పానాతో బలవంతంగా బిగిస్తే చెవి వంగదు, విరుగుతుంది. సందు ఎంత ఉందో కొలిచి అంత బుష్ వేశాకే బిగించాలి.

గంటకు మూడు లక్షల అరవై వేల కుదుపులు

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుందంటే క్షణానికి 50 చుట్లు. ఆ రకం ఇంజను చుట్టుకు రెండుసార్లు కుదుపుతుంది. క్షణానికి వంద, గంటకు 3,60,000 కుదుపులు. అయిదు కిలోల దాకా బరువుండే ఆల్టర్నేటర్ ఒక పలుచని పట్టీ చివర వేలాడుతూ ఇన్ని కుదుపులు తింటే ఆ పట్టీ ఏమవుతుందో చెప్పనక్కర లేదు. సన్న తీగను చేత్తో అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే తెగుతుంది. బరువుకు విరగదు, అలసి విరుగుతుంది.

అందుకే బ్రాకెట్టు బలంగా ఉంటే చాలదు, బిర్రుగా ఉండాలి. పొడవు తగ్గించాలి. ఇంజనుకు ఆల్టర్నేటర్ ఎంత దగ్గరైతే అంత మంచిది. ఎనిమిది, పది మిల్లీమీటర్ల ప్లేటు వాడి, మూలలో త్రికోణం ముక్క ఆనిస్తే వంపు బాగా తగ్గుతుంది. ఆల్టర్నేటర్ తిరుగాడే బోల్టును ఒక్క చెవి మీద కాకుండా రెండు వైపులా పట్టి ఉంచాలి. పై నుంచి బిగువు సర్దే పట్టీ మూడో ఆధారం. మూడు చోట్ల పట్టుకున్నది ఊగదు, పొయ్యికి మూడు రాళ్లున్నట్టు.

పగులు ఎప్పుడూ మూల నుంచో, వెల్డింగు అంచు నుంచో మొదలవుతుంది. ప్లేటు లోపలి మూలలు కత్తిరించినట్టు పదునుగా కాక గుండ్రంగా ఉండాలి. రంధ్రాలు గ్యాసుతో కాల్చకూడదు, డ్రిల్లుతోనే వేయాలి. గ్యాసుతో కోసిన అంచును గ్రైండరు పట్టి నునుపు చేయాలి. వెల్డింగు పెట్టే ముందు బ్రాకెట్టును బండి నుంచి విప్పి బల్ల మీద పెట్టుకోవడం ఉత్తమం. తప్పక బండి మీదే పెట్టాల్సి వస్తే బ్యాటరీ తీగలతో పాటు ఆల్టర్నేటర్ తీగలు కూడా ఊడదీయాలి. లేకుంటే వెల్డింగు కరెంటుకు దానిలోని డయోడ్లు కాలిపోయే ప్రమాదముంది.

ఇనుము కోయడానికి ముందు అట్ట కోయాలి. గట్టి అట్ట మీద రంధ్రాలు గుర్తు పెట్టుకుని, కత్తిరించి, ఆనించి చూసుకుంటే పొరపాటు జరిగినా పోయేది అట్టే. బోనెట్టు మూస్తే తగులుతుందా, స్టీరింగు కడ్డీకి అడ్డమా, సైలెన్సరు గొట్టం వేడి కొడుతుందా అన్నవి అప్పుడే తేలతాయి. మరీ కింద పెడితే వానాకాలంలో బురద నీళ్లన్నీ ఆల్టర్నేటర్‌లోకే. పనిలో పనిగా బెల్టు మార్చేందుకు చేయి పడుతుందో లేదో కూడా చూసుకోవాలి. పుల్లీ ముందు నుంచి ఛాసిస్ పైపు పోయి, బెల్టు మార్చాలంటే ఇంజనే దించాల్సిన కార్లు కట్టిన మహానుభావులూ ఉన్నారు.

బిగువు సర్దే పట్టీలోని గాడి తిన్నగా కాక వంపుగా ఉండటానికి కారణం ఉంది. ఆల్టర్నేటర్ కింది బోల్టు చుట్టూ తిరుగుతుంది గనుక గాడి కూడా ఆ బోల్టు కేంద్రంగా గీసిన వృత్తంలో ముక్క కావాలి. ఒక మేకు, దారం, సుద్దముక్క ఉంటే గీయవచ్చు. కొత్త బెల్టు వేసినప్పుడు బోల్టు గాడి మొదట్లో ఉండాలి, సాగేకొద్దీ జరపడానికి మిగతా గాడి ఉంటుంది. రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో నొక్కితే వీ బెల్టు 10, 12 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే బిగిస్తే బేరింగులు పోతాయి.

ఆల్టర్నేటర్‌ను ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చేవారు ఇంకో సంగతి గమనించాలి. బెల్టు దారి మారితే వాటర్ పంపు పుల్లీని బెల్టు చుట్టుకునే మేర తగ్గిపోవచ్చు. ఏ పుల్లీ అయినా దాని చుట్టుకొలతలో మూడో వంతయినా బెల్టుకు తగిలి ఉండాలి. లేకపోతే ఛార్జింగు బాగానే ఉంటుంది గానీ పంపు జారి నీళ్లు మరుగుతాయి.

దీపం లెక్క, బ్రేకు లెక్క

క్రాంకు పుల్లీ అయిదు అంగుళాలు, ఆల్టర్నేటర్ పుల్లీ రెండున్నర అంగుళాలు అయితే ఇంజను ఒక చుట్టు తిరిగేసరికి ఆల్టర్నేటర్ రెండు చుట్లు తిరుగుతుంది. బండి నిలిచి ఇంజను 800 మీద తిరుగుతున్నా ఆల్టర్నేటర్ 1600 మీద తిరిగి కరెంటు ఇస్తుంది. వేరే బండి నుంచి తెచ్చిన పెద్ద పుల్లీ బిగించేస్తే ఆ 1600 కాస్తా 800కు పడి, డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం ఆరదు. పుల్లీ అందరికీ కనిపించే వస్తువే, కొలిచేవారే తక్కువ.

పాతకాలపు లూకాస్ డైనమో చాలా బండ్లలో 22 ఆంపియర్లకు మించి ఇచ్చేది కాదు. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికే పది ఆంపియర్లు పోతుంది. దానికి రేడియేటరు ఎలక్ట్రిక్ ఫ్యాను, వైపరు, హారను కలిపితే డైనమో చేతులెత్తేస్తుంది. అందుకే డైనమో తీసి ఆల్టర్నేటర్ వేసుకోవడం మొదలైంది. డైనమో పొడుగ్గా గొట్టంలా ఉంటుంది, ఆల్టర్నేటర్ పొట్టిగా లావుగా ఉంటుంది. పాత బ్రాకెట్టుకు కొత్తది కుదరదు. అక్కడ కూడా బుష్, అట్ట, లేత్ తప్పవు.

ఆల్టర్నేటర్‌కు ఎర్తు బ్రాకెట్టు ద్వారానే అందుతుంది. అందంగా ఉండాలని బ్రాకెట్టు అంతటా రంగు పూస్తే ఎర్తు సరిగా అందక దీపాలు మినుకుమినుకుమంటాయి. ఆనే చోట రంగు గీకేయాలి. రబ్బరు మీద కూర్చున్న ఇంజనుకు, ఛాసిస్‌కు మధ్య లావుపాటి ఎర్తు తీగ వేయడం మరవకూడదు.

అన్నిటికంటే భయపడాల్సింది డీజిలు బండ్ల విషయంలో. పెట్రోలు కారులో బ్రేకుకు సాయపడే వ్యాక్యూం ఇంజను పీల్చే గాలి నుంచే దొరుకుతుంది. డీజిలు ఇంజనులో అలా దొరకదు గనుక వేరే పంపు పెడతారు. చాలా డీజిలు బండ్లలో ఆ పంపు ఆల్టర్నేటర్ వీపునే బిగించి ఉంటుంది. అంటే బ్రాకెట్టు విరిగి బెల్టు ఊడిందంటే ఛార్జింగుతో పాటు బ్రేకుకు అందే సాయమూ ఆగుతుంది. బ్రేకు పూర్తిగా పోదు గానీ, ఒకటి రెండుసార్లు తొక్కాక పెడలు రాయిలా గట్టిపడుతుంది, బలమంతా ఉపయోగించి తొక్కితే తప్ప బండి ఆగదు. కీసరగుట్ట దిగేటప్పుడు అలా జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఈ రకం ఆల్టర్నేటర్‌ను చోటు మార్చితే పంపుకు వచ్చే ఆయిలు గొట్టం, తిరిగి పోయే గొట్టం కూడా మార్చాలి. తిరిగి పోయే గొట్టం ఎక్కడా పైకి లేవకుండా వాలుగా ఇంజను చాంబరులోకి దిగాలి. ఆ పంపు తిరిగే దిక్కు కూడా మారకూడదు.

రోడ్డెక్కే ముందు

ఇంత చేసినా చట్టం సంగతి మిగిలే ఉంది. రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు మీద నడపరాదని 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టరైన బండిలో కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని 52వ సెక్షన్ కట్టడి చేస్తోంది. ఈ విషయంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే తీర్పు ఇచ్చింది. కొత్త రకం బండి తయారు చేసి అమ్మదలచినవారు దాన్ని పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో పరీక్షకు పెట్టాలి. అరిగిన బ్రాకెట్టు స్థానంలో అదే కొలతల బ్రాకెట్టు చేయించుకోవడం వేరు, ఇంజనే మార్చడం వేరు. రెండో పని తలపెట్టినవారు ప్లేటు కోయించడానికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోవడం మంచిది. పని అయ్యాక వెళితే అక్కడ సానుభూతి దొరుకుతుందేమో గానీ సంతకం దొరకదు.

సరదాకు కట్టుకున్న బండిని సొంత చెలకలో తిప్పుకుని పరీక్షించుకోవచ్చు. ఎండ వేళ ఇంజనును అరగంట ఆపకుండా నడిపి, నీళ్ల వేడి ఎక్కడ ఆగుతుందో చూడాలి. బోనెట్టు తెరిచి పెట్టి, ఒక మనిషి క్లచ్చి వదులుతుంటే ఇంకొకరు దూరంగా నిలబడి ఆల్టర్నేటర్ ఇంజనుతో పాటే ఊగుతోందా, విడిగా వణుకుతోందా గమనించాలి. కండువా, వదులు చొక్కా బెల్టు దగ్గరికి రానివ్వరాదు. ఆపై బోల్టులన్నిటి మీద తెల్ల రంగుతో ఒక గీత పెట్టి, గంటసేపు తిప్పాక చూస్తే ఏ బోల్టు తిరిగిందో గీతే చెబుతుంది. కొత్త బెల్టు మొదటి రోజుల్లోనే సాగుతుంది గనుక రెండు మూడు గంటలు నడిచాక మరోసారి బిగువు సర్దాలి. వెల్డింగు అంచుల వెంట తుప్పు రంగు సన్నని గీత కనిపిస్తే అది తుప్పు కాదు, పగులు. గుడ్డతో తుడిచి మళ్లీ చూడాలి. గీత అలాగే ఉంటే ఆ ముక్కను అతికించే ప్రయత్నం మాని, అట్ట దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.